ఇంటి కంప్యూటర్ భద్రత – నాలుగో పాఠం: యాంటీవైరస్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో విండోస్ అప్‌డేట్లు సరిగా వస్తున్నాయో లేదో చూసుకున్నాం. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతా ఒకటి తెరుచుకున్నాం. ఆ రెండు పనులూ పూర్తికాకపోతే దయచేసి ముందు అవి ముగించండి. ఈ పాఠంలో చెప్పేదంతా వాటి మీదే ఆధారపడి ఉంది.

ఏ యాంటీవైరస్ కొనాలి అని చాలామంది అడుగుతారు. నా కంప్యూటర్‌లో ఇప్పుడు ఏది పనిచేస్తోంది అని అడిగేవారు తక్కువ. మనం ఈ రెండో ప్రశ్నతో మొదలుపెడదాం. దానికి జవాబు తెలిశాక చాలా ఇళ్లలో మొదటి ప్రశ్నతో పని ఉండదు.

ఇప్పుడు కాపలా ఎవరిది?

స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని టైపు చేసి తెరవండి. ఎడమవైపు అడుగున ఉన్న సెట్టింగ్స్‌లోకి వెళ్తే మేనేజ్ ప్రొవైడర్స్ అనే లింకు కనిపిస్తుంది. అక్కడ యాంటీవైరస్ కింద ఏ పేరు ఉందో, అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో నోటుపుస్తకంలో రాసుకోండి.

మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అని ఒక్క పేరే ఉంటే, విండోస్‌తో పాటు వచ్చినదే పనిచేస్తోందన్నమాట. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి పూర్తిస్థాయి యాంటీవైరస్ విండోస్‌లోనే భాగంగా వస్తోంది. అంతకుముందు దాన్ని విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. కంప్యూటర్ కొన్న రోజే యాంటీవైరస్ సీడీ కూడా కొనే అలవాటు ఆ కాలానిదే.

మరో కంపెనీ పేరు ఉంటే అది ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఏదో ఒక యాంటీవైరస్ ట్రయల్ ముందే వేసి ఇస్తారు. వేరే యాంటీవైరస్ వచ్చి కూర్చోగానే డిఫెండర్ తన నిరంతర కాపలాను ఆపుకుంటుంది. నెల తర్వాత ట్రయల్ గడువు తీరితే, డబ్బు కట్టమనే హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. కొత్త వైరస్‌ల సమాచారం మాత్రం ఆగిపోతుంది. ఇంటి కంప్యూటర్లకు ఇది నిజంగా ప్రమాదకరమైన స్థితి, ఎందుకంటే స్క్రీన్ మూలన ఐకాన్ కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ధైర్యంగా ఉంటారు. గడువు తీరినదాన్ని డబ్బు కట్టి పునరుద్ధరించండి, లేదా పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే మళ్లీ పని మొదలుపెడుతుంది. మొదలుపెట్టిందో లేదో పైన చెప్పిన చోటే మరోసారి చూడండి.

రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే భద్రత రెట్టింపు అవుతుందని కొందరి నమ్మకం. కాదు. రెండూ ప్రతి ఫైలునూ తెరవబోయే ముందు పట్టుకుని పరీక్షించాలని చూస్తాయి, ఒకదాని పనిని మరొకటి అనుమానిస్తుంది, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. నిరంతర కాపలాకు ఒక్కటే ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు మాత్రమే తెరిచి స్కాన్ చేసే రెండో టూల్ ఉంటే ఇబ్బంది లేదు.

అది వైరస్‌ను ఎలా గుర్తుపడుతుంది?

ఎంపిక చేయాలంటే ఇది కొంచెం తెలియాలి. పోలీస్ స్టేషన్‌లో పాత నేరస్తుల ఫొటోలు ఉంటాయి కదా, యాంటీవైరస్ దగ్గర కూడా ఇప్పటికే దొరికిన వైరస్‌ల గుర్తుల జాబితా ఉంటుంది. దాన్నే డెఫినిషన్లు అంటారు. రోజూ డౌన్‌లోడ్ అయ్యేది అదే. కానీ ఈ ఉదయమే పుట్టిన వైరస్ ఆ జాబితాలో ఉండదు. అందుకే ప్రోగ్రాము ప్రవర్తనను కూడా గమనిస్తారు. ఒక ప్రోగ్రాము మీ డాక్యుమెంట్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, తాళం వేసినట్టు మార్చేస్తుంటే, దాని పేరు ఏ జాబితాలోనూ లేకపోయినా ఆపేయాలి. మూడో దారి, అనుమానం వచ్చిన ఫైలు వివరాలను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లకు పంపి అక్కడినుంచి తీర్పు తెప్పించుకోవడం.

ఈ మూడో దారి మన దగ్గర ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. డిఫెండర్ దీనిపై బాగా ఆధారపడుతుంది. నెట్ ఎప్పుడూ ఉండే ఇంట్లో అది లోటు కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో అప్పుడప్పుడు మాత్రమే నెట్ పెట్టుకుని, మిగతా సమయమంతా పెన్‌డ్రైవ్‌ల మీద నడిచే కంప్యూటర్ అయితే లోటే. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై, వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపించిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అలాంటి వైరస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. మీ కంప్యూటర్ ఈ రెండో రకమైతే, నెట్ లేకపోయినా బాగా గుర్తుపట్టే యాంటీవైరస్‌ను వెతకడం సబబు.

పరీక్షల నివేదికలు చదవడం

వెతకడం ఎక్కడ? కంపెనీ ప్రకటనల్లో కాదు, షాపువాడి మాటల్లోనూ కాదు. షాపులో ఏ పెట్టె మీద లాభం ఎక్కువో దాన్నే ముందు చూపించవచ్చు. ఈ పని కోసమే స్వతంత్ర పరీక్షా సంస్థలు ఉన్నాయి. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరంలో ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ కంపారిటివ్స్ అనే సంస్థలు ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాయి. ఫలితాలు వాటి వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఏవీ టెస్ట్ మూడు అంశాలకు మార్కులు వేస్తుంది: రక్షణ, వేగం, వాడుకలో సౌలభ్యం. ఒక్కోదానికి 6, మొత్తం 18. ఈ మూడో అంశాన్ని చాలామంది పట్టించుకోరు. మంచి ఫైలును వైరస్ అని పొరపాటున పట్టుకున్న సందర్భాలు ఎన్నో అందులోనే తేలుతుంది. ఇది చిన్న విషయం కాదు. తప్పుడు హెచ్చరికలు రోజూ వస్తుంటే ఇంట్లోవాళ్లు హెచ్చరిక చదవకుండానే అనుమతించు అని నొక్కడం అలవాటు చేసుకుంటారు. నిజమైన వైరస్ వచ్చిన రోజు కూడా అలాగే నొక్కుతారు.

పైపైన చూస్తే పేరున్నవన్నీ 17, 18 మార్కుల దగ్గరే కనిపిస్తాయి. డిఫెండర్ కూడా కొన్నేళ్లుగా ఆ వరుసలోనే ఉంటోంది. అర మార్కు తేడా చూసి డబ్బు ఖర్చు పెట్టకండి. ఒక్క నెల ఫలితం చూసి కూడా నిర్ణయించకండి. వరుసగా నాలుగైదు నివేదికలు తెరిచి, ఎవరు నిలకడగా ఉన్నారో చూడండి. నెట్ సరిగా లేని ఇంటివారైతే ఏవీ కంపారిటివ్స్ చేసే మాల్వేర్ (హానికర ప్రోగ్రాములు) ప్రొటెక్షన్ పరీక్షను ప్రత్యేకంగా చదవండి. అందులో ఇంటర్నెట్ లేనప్పుడు ఎంత శాతం గుర్తించింది, ఉన్నప్పుడు ఎంత శాతం గుర్తించింది అని వేర్వేరు వరుసలు ఉంటాయి. మీకు కావలసింది మొదటి వరుస.

ఉచితం, డబ్బు, నమ్మకం

యాంటీవైరస్ మీ కంప్యూటర్‌లో ప్రతి ఫైలునూ, మీరు తెరిచే వెబ్‌సైట్లనూ చూడగలదు. అందుకే దాన్ని తయారుచేసినవారి నడవడి కూడా చూడాలి. ఉచిత యాంటీవైరస్‌గా ప్రపంచమంతా పేరున్న అవాస్ట్, వాడుకరులు ఏయే సైట్లు చూశారనే సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. సంగతి బయటపడ్డాక 2020లో ఆ సంస్థను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం అలాంటి సమాచారం అమ్మకుండా నిషేధించింది. ఉచితమైనవన్నీ చెడ్డవని నేను అనను. విండోస్‌తో ఎలాగూ ఒకటి వస్తున్నప్పుడు, బయటినుంచి మరో ఉచిత యాంటీవైరస్ తెచ్చుకోవడానికి బలమైన కారణం మాత్రం నాకు కనిపించదు.

అమెరికాలో ఉంటున్న పాఠకులకు ఒక ముఖ్యమైన మాట. రష్యా కంపెనీ యాంటీవైరస్ కాస్పర్‌స్కీ అమ్మకాలను, అప్‌డేట్లను అక్కడి ప్రభుత్వం 2024లో నిషేధించింది. పాత కంప్యూటర్‌లో అది ఇంకా ఉంటే తీసేయండి.

కొనాలనే నిర్ణయించుకుంటే పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 వంటి మన దేశపు కంపెనీలవీ ఉన్నాయి, విదేశాలవీ ఉన్నాయి. ఏది కొన్నా ధర రెండుసార్లు చూడండి: మొదటి ఏడాది ధర, పునరుద్ధరణ ధర. ఆన్‌లైన్‌లో తొలి ఏడాది బాగా తగ్గించి ఇచ్చి, రెండో ఏడాది పూర్తి ధరను కార్డు నుంచి తీసుకునే పద్ధతి ఉంది. ఆటో రెన్యువల్ అనే గడిలో టిక్ కొన్న రోజే తీసేయండి. వీపీఎన్, కంప్యూటర్ క్లీనర్ వంటి అదనపు హంగులకు విలువ కట్టకండి. పిల్లల వాడకంపై నియంత్రణ కావాలంటే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితంగానే దొరుకుతుంది.

యాంటీవైరస్ చేయలేనివి

మొదటిది, పాత విండోస్‌లోని లోపాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అయితే దానిలోని డిఫెండర్‌కు వైరస్ సమాచారం 2028 అక్టోబర్ వరకు అందుతుందని ఆ సంస్థే చెప్పింది. ఇది విని విండోస్ 10తో నిశ్చింతగా ఉండకండి. విండోస్‌లో బయటపడే లోపాలను డెఫినిషన్లు పూడ్చలేవు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ దాడి చేసినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివారి కంప్యూటర్లలోకి అది ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్ ద్వారా ప్రవేశించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. కాబట్టి విండోస్ 10 వాడుతున్నవారు యాంటీవైరస్ కొనే డబ్బును విండోస్ 11కు మారడానికి దాచుకోవడం మేలు.

రెండోది, మనమే తలుపు తీస్తే అది ఏమీ చేయలేదు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో పాటు యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి అనే సూచన వస్తుంది. తెలుగు టైపింగ్ కోసం ఇలాంటివి తెచ్చుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది. మామూలుగా తెలుగులో రాసుకోవడానికి విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ పద్ధతి కూడా 2019 నుంచి అందులోనే వస్తోంది.

మూడోది, బ్రౌజర్‌లో పెద్ద అక్షరాలతో మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చే బొమ్మ. అది మోసం. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. బ్రౌజర్ మూసేయండి, మూతపడకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క విషయం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మరీ చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అభ్యాసం

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, మేనేజ్ సెట్టింగ్స్‌లో రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, టాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉన్నాయో చూడండి. తర్వాత యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద అనవసర యాప్‌లను అడ్డుకునే సెట్టింగ్‌ను ఆన్ చేయండి.

ఇప్పుడు కాపలాను పరీక్షిద్దాం. ఐకార్ అనే యూరోపియన్ సంస్థ ఇందుకోసమే ఒక పరీక్ష ఫైలు తయారుచేసింది. అది 68 అక్షరాల వాక్యం మాత్రమే, ఎవరికీ హాని చేయదు. యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా పట్టుకోవాలని ఒప్పందం. ఐకార్ వెబ్‌సైట్ నుంచే దాన్ని డౌన్‌లోడ్ చేయండి. బ్రౌజరే అడ్డుకోవచ్చు, లేదా దిగిన క్షణంలో యాంటీవైరస్ లాగేసుకోవచ్చు. రెండూ మంచి ఫలితాలే. ప్రొటెక్షన్ హిస్టరీలో దాని పేరు కనిపిస్తుంది. ఫైలు ఏ హెచ్చరికా లేకుండా డెస్క్‌టాప్ మీద ఉండిపోతే, పాఠం మొదటి భాగానికి తిరిగి వెళ్లి కాపలా ఎవరిదో మళ్లీ చూడండి. ఈ పరీక్షను ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం చేయకండి, అక్కడి ఐటీ విభాగానికి హెచ్చరిక వెళ్తుంది.

పాత పెన్‌డ్రైవ్‌లు ఇంట్లో ఎన్ని ఉంటే అన్నిటినీ ఒక్కొక్కటిగా పెట్టి, తెరవకముందే దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. కంప్యూటర్‌కు ఇప్పటికే ఏదో సోకిందనే అనుమానం ఉంటే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. అది విండోస్ పూర్తిగా మొదలుకాకముందే పరీక్షిస్తుంది కాబట్టి లోపల దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో శుభ్రపరిచే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి, అవీ ప్రయత్నించవచ్చు.

ఐదో పాఠం బ్యాకప్ గురించి. దానికి ముందు మీ ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు, పిల్లల సర్టిఫికెట్లు ఏయే ఫోల్డర్లలో ఉన్నాయో, అన్నీ కలిపి ఎన్ని జీబీలో లెక్క రాసి ఉంచండి. ఆ లెక్క చేతిలో ఉంటేనే ఎంత పెద్ద హార్డ్‌డిస్క్ కొనాలో తేల్చుకోగలం.