ఊళ్లో తిరగడానికీ ట్రాక్ ఎక్కడానికీ ఒకే బ్రేక్ ప్యాడ్: విశాఖ కారుకు ఎలా ఎంచుకోవాలి?

స్పేర్ పార్టుల షాపులో ట్రాక్ ప్యాడ్ల మాట ఎత్తగానే కౌంటర్ అబ్బాయి నోట మొదట వచ్చేది ఇదే: "ఇది ఎనిమిది వందల డిగ్రీలు తట్టుకుంటుంది సార్." వినడానికి బాగానే ఉంటుంది. "సరే గానీ బాబూ, ఎన్ని డిగ్రీల దగ్గర పట్టడం మొదలవుతుంది?" అని అడగండి. విశాఖలో ఉండే కారుకు ఆ రెండో అంకెతోనే ఎక్కువ పని. చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేసు ట్రాక్ ఇక్కడికి దాదాపు 800 కిలోమీటర్లు. అక్కడ రోజంతా తిరిగినా మహా అయితే వంద కిలోమీటర్లు తిరుగుతారు. పోను రాను పదహారు వందలు మాత్రం హైవే మీదే, చల్లటి బ్రేకులతో, లారీలూ గేదెలూ అడ్డొచ్చే దారిలో.

అచ్చంగా రేసు కోసం చేసిన ప్యాడ్లు చాలావరకు 200 డిగ్రీల వేడి ఎక్కేదాకా సరిగా పట్టవు. వానాకాలం పొద్దున్నే హనుమంతవాక దగ్గర ముందున్న ఆటో ఠక్కున ఆగిందనుకోండి, అప్పటికి మీ డిస్కు వేడి 40 డిగ్రీలు కూడా ఉండదు. పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కారే ఆగదు.

వేడి లెక్క

మనిషితో కలిపి 1,200 కిలోల చిన్న కారు తీసుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకుల మీద పడే శక్తి 0.17 మెగాజౌళ్లు. అదే కారును ట్రాక్ మీద 160 నుంచి 60కి తెస్తే 1.02 మెగాజౌళ్లు, అంటే ఆరింతలు. అందులో దాదాపు 70 శాతం ముందు చక్రాలే మోస్తాయి. ముందు డిస్కు ఒక్కోటి 5 కిలోలనుకుంటే, ఊళ్లో ఒకసారి ఆపితే డిస్కు వేడి 25 డిగ్రీల లోపే పెరుగుతుంది. ట్రాక్ మీద మాత్రం ఒక్క బ్రేకుకే 150 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. అది చల్లారకముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. అలా నాలుగైదు ల్యాపులు తిరిగితే 500 దాటడం పెద్ద విషయమేమీ కాదు.

"అరకు ఘాట్‌లో బాగానే పట్టాయి, ట్రాక్ మీద ఏమవుతుందిలే" అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఈ రెండూ వేర్వేరు పరీక్షలు. అనంతగిరి మీదుగా సుమారు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగే కారు 10 మెగాజౌళ్లకు పైగా వదిలించుకోవాలి. అయితే అది ముప్పావు గంటలో నెమ్మదిగా జరిగే పని, రెండో గేరులో దిగితే సగానికి పైగా ఇంజినే పీల్చుకుంటుంది. ఘాట్‌లో కాలు తీయకుండా బ్రేక్ నొక్కి దిగేవాళ్లకు ముందుగా ఉడికేది బ్రేక్ ఆయిల్. ట్రాక్ మీద ముందుగా మాడేది ప్యాడ్ పైపొర.

డబ్బా మీదా ప్యాడ్ వెనకా ఏం చదవాలి

ప్యాడ్ అంచు మీదో, వెనక రేకు మీదో పక్కపక్కనే రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. అవి ఘర్షణ గుణకాన్ని, అంటే ప్యాడ్ డిస్కును ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకెను చెబుతాయి. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టును, రెండోది ఎక్కువ వేడిలో పట్టును చూపిస్తుంది. ఎఫ్‌ఇ అని ఉంటే వేడెక్కే కొద్దీ పట్టు సడలుతుందని అర్థం. అలాంటిది వద్దు. ఎఫ్‌ఎఫ్, ఎఫ్‌జి, జిజి మంచివి. అయితే ఈ పరీక్ష సుమారు 340 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. 550 దగ్గర ఏమవుతుందో ఈ అక్షరాలు చెప్పవు. దానికి కంపెనీ వేసే గ్రాఫ్ చూడాలి. గీత 50 డిగ్రీల దగ్గర ఎంత ఎత్తులో మొదలైంది, ఎక్కడ కిందికి వాలింది, ఈ రెండే చూసుకోండి.

వెనక రేకు మీద ఇ గుర్తుతో (పైన చెప్పిన పట్టు అక్షరం కాదు, యూరప్ ఆమోద ముద్ర) పాటు 90ఆర్ అని ఉంటే, ఆ ప్యాడ్ పట్టు కంపెనీ అసలు ప్యాడ్‌కు అటూ ఇటూ 15 శాతం లోపే ఉందని యూరప్ నియమం ప్రకారం పరీక్షించారని అర్థం. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను అసలు ప్యాడ్ పట్టుకు తగ్గట్టే సర్దుతారు కాబట్టి రోజువారీ కారుకు ఇది పనికొచ్చే గుర్తు. ట్రాక్ ప్యాడ్లలో చాలావాటికి ఇది ఉండదు.

మీకు ఏది సరిపోతుంది

ట్రాక్ ఊసు లేకుండా వారాంతాల్లో అరకు, లంబసింగి వెళ్లొచ్చేవాళ్లకు 90ఆర్ గుర్తున్న మంచి ప్యాడ్, కొత్త బ్రేక్ ఆయిల్ చాలు. డబ్బు మిగిలితే టైర్లకు పెట్టండి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు మామూలు టైర్లతో ట్రాక్ ఎక్కే హ్యాచ్‌బ్యాక్‌కు మధ్యరకం ప్యాడ్ ఉంది. దీన్ని ఫాస్ట్ రోడ్ ప్యాడ్ అంటారు. ఫెరోడో డీఎస్2500 ఈ తరగతిదే. చల్లగా ఉన్నప్పుడే పట్టడం మొదలుపెట్టి 500 డిగ్రీల దాకా నిలబడుతుంది. దీనికి రెండు చిక్కులు: కీచుమంటుంది, మసి ఎక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగేటప్పుడు వాచ్‌మన్ తలెత్తి చూస్తాడు. అంతవరకు ఓర్చుకోగలిగితే ఒకే సెట్టుతో రెండు పనులూ అవుతాయి.

కారు బరువైనదైనా, టర్బో ఇంజినైనా, రేసు టైర్లు వేసినా ఒకే ప్యాడ్ ఆశ వదులుకోండి. రెంటికీ చెడ్డ రేవడి అయిపోతారు. రోడ్డు సెట్టుతో చెన్నై వెళ్లి, అక్కడ ట్రాక్ సెట్టు వేసుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకుని రావాలి. చేయి తిరిగినవాళ్లకు ముందు రెండు చక్రాలకూ కలిపి 40 నిమిషాల పని. రేసు ప్యాడ్లతోనే తిరిగి వస్తే చల్లటి ప్యాడ్ డిస్కును ఆకురాయిలా గీకేస్తుంది, ట్రాక్ మీద డిస్కుకు పట్టిన ప్యాడ్ పూత కాస్తా నెల్లూరు చేరేలోపే పోతుంది.

వెనక చక్రాలకు డ్రమ్ములున్న కార్లలో ముందు ప్యాడ్లు మార్చి, వెనక షూలు సర్దుబాటు చేయించి, ఆ షూలను నెట్టే వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ కారడం లేదని చూసుకుంటే చాలు. నాలుగు వైపులా డిస్కులుంటే వెనక కంపెనీ ప్యాడ్లే ఉంచండి, లేదా ముందువాటికన్నా ఒక మెట్టు తక్కువ పట్టున్నవి వేయండి. వెనక పట్టు ఎక్కువైతే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు కారు తోక తిప్పుతుంది.

ఉప్పుగాలి సంగతి

బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు, రుషికొండ ప్రాంతాల్లో కారు రెండు రోజులు కదలకపోతే డిస్కు మీద ఎర్రటి పొర పేరుకుంటుంది. నాలుగైదుసార్లు బ్రేక్ వేస్తే అది పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు. అసలు ప్రమాదం ప్యాడ్ వెనక రేకుకు పట్టే తుప్పు. రేకుకూ మసాలాకూ (డిస్కును పట్టే అరిగే పదార్థం) మధ్య తుప్పు ఉబ్బి, మసాలాను పెళ్లలా పైకి లేపుతుంది. అందుకే ఉత్త నల్ల పెయింటు వేసిన రేకు కన్నా జింకు పూత ఉన్నది తీసుకోండి. ట్రాక్ ప్యాడ్ల మసిలో ఇనుప రజను ఎక్కువ. తడిసి ఉప్పు తగిలితే రెండు మూడు రోజుల్లోనే అల్లాయ్ చక్రాల మీద గోధుమరంగు మచ్చలై కూర్చుంటుంది. ట్రాక్ నుంచి ఇంటికి రాగానే చక్రాలు కడిగేయాలి, కాకపోతే చల్లారాకే.

బ్రేక్ ఆయిల్

ప్యాడ్లు ఎంత మంచివైనా పాత ఆయిల్‌తో ట్రాక్ ఎక్కకండి. డబ్బా మీద డాట్ అని ఉండేది ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. విశాఖ గాలిలో తేమకు కొదవలేదు కాబట్టి ఏడాదికోసారి, ట్రాక్‌కు ముందు తప్పనిసరిగా మార్చండి. చిన్న కారుకు లీటరు సరిపోతుంది. మూత తీసిన డబ్బాలో మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవద్దు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, 5.1 కాదు. దాన్ని వీటిలో కలపకూడదు.

బిగించడం

చక్రం నట్లు వదులు చేసి, జాకీతో ఎత్తి, స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి పని చేయొద్దు. ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగం కాలిపర్, అది అటూ ఇటూ జరిగేది స్లైడ్ పిన్నుల మీద. కింది స్లైడ్ పిన్ను బోల్టు తీసి కాలిపర్‌ను పైకి తిప్పండి. పూర్తిగా తీయాల్సి వస్తే హోస్ మీద వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్‌కు కట్టండి. పిస్టన్‌ను వెనక్కి నొక్కే ముందు ఆయిల్ ట్యాంకు మట్టం చూడండి, నిండుగా ఉంటే పొంగి పెయింటు తినేస్తుంది.

ఇప్పుడు స్లైడ్ పిన్నులు బయటికి లాగండి. మన ఊళ్లో సగం బ్రేక్ జబ్బులు ఇక్కడే ఉంటాయి. రబ్బరు బూటు చిరిగి ఉప్పుతేమ లోపలికి పోతే పిన్ను పట్టేస్తుంది, ప్యాడ్ ఒకవైపు ఏటవాలుగా అరుగుతుంది. తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. డిస్కు మందం కొలిచి, దాని మీద చెక్కి ఉన్న కనీస మందంతో పోల్చుకోండి. ప్యాడ్ రకం మారుతుంటే డిస్కు ముఖాన్ని 120 నంబరు ఎమరీ పేపరుతో అన్ని దిక్కులా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మరిచిపోతే మొదటి బ్రేకుకు కాలు నేలకు తగులుతుంది.

బెడ్డింగ్

బెడ్డింగ్ అంటే కొత్త ప్యాడ్‌నూ డిస్కునూ ఒకదానికొకటి అలవాటు చేయడం. డబ్బా మీద పద్ధతి రాసి ఉంటే అదే చేయండి. లేకపోతే తెల్లవారుజామున ఆనందపురం వైపు హైవేలో, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 20కి ఎనిమిదిసార్లు మెల్లగా, 80 నుంచి 20కి ఎనిమిదిసార్లు కాస్త గట్టిగా తగ్గించండి. మధ్యలో పూర్తిగా ఆపొద్దు. ఆపితే వేడి ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడి తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. మెకానిక్ దాన్ని "డిస్కు బెండ్" అంటాడు, చాలాసార్లు బెండూ ఉండదు గిండూ ఉండదు, ఆ అచ్చే. చివర్లో పది నిమిషాలు బ్రేక్ వాడకుండా నడపండి. డిస్కు అంతటా సమంగా నీలిబూడిద రంగు వస్తే పని అయినట్టే.

ట్రాక్ మీద

సగం కన్నా తక్కువ మసాలా మిగిలిన ప్యాడ్లతో రోజు మొదలుపెట్టవద్దు. ప్యాడ్ పలచబడే కొద్దీ వేడి తిన్నగా పిస్టన్‌కూ ఆయిల్‌కూ పోతుంది. డిస్కు ఎంత వేడెక్కిందో తెలియాలంటే అంచుకు వేడిరంగు పెయింటు గీతలు గీయండి. ఎక్కువగా వాడే సెట్టులో ఆకుపచ్చ 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. నారింజ కూడా రంగు మారిందంటే 500 డిగ్రీల ప్యాడ్ మీకు చాలదు.

పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ మాడింది. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగింది. రెండింటికీ అప్పటికి మందు ఒకటే: వేగం తగ్గించి ఒక ల్యాపు నిదానంగా తిప్పి లోపలికి రావడం. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, పెడల్ మీద కాలుంచొద్దు. గేరులో వేసి చక్రం కింద ఇటుక పెట్టండి.

తిరుగు ప్రయాణానికి ముందు చక్రం సందులోంచి టార్చి వేసి చూడండి. మసాలా అంచులు పెచ్చులూడినా, 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలినా వాటితో 800 కిలోమీటర్లు రావద్దు. డిక్కీలో పాత రోడ్డు ప్యాడ్లు ఒక సెట్టు, కాలిపర్ బోల్టుకు సరిపడే పానా పెట్టుకుని వెళ్లేది అందుకే.