చలిదేశానికి కొత్తగా వచ్చారా, ముందు పొద్దుటి వెలుతురు సంగతి చూసుకోండి

బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, చలికోటు, ఇవన్నీ మీరు ఎలాగూ చూసుకుంటారు. వాటి జోలికి నేను పోను. ఈ మధ్య మాతో ఉంటున్న ఒక కుర్రాడు సెలవు వస్తే చాలు, మధ్యాహ్నం దాకా లేవడం లేదు. కిటికీ తెర తియ్యడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మోగినంతసేపూ దాని వంక చూస్తూ కూర్చుంటాడు. ఏమైందిరా అంటే "బద్ధకం అన్నా" అన్నాడు.

అది బద్ధకం కాదు. నా మొదటి చలికాలం కూడా ఇలాగే గడిచింది. ఎంత పడుకున్నా నిద్ర తీరేది కాదు, తీపి మీదికే మనసు పోయేది, ఎవరైనా పలకరిస్తే విసుగు వచ్చేది. చదువు ఒత్తిడి అనుకున్నాను, ఇంటి మీద బెంగ అనుకున్నాను. వెలుతురు కరువు అయి ఉండొచ్చని చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

దీన్ని డాక్టర్లు సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అంటారు, అంటే ఏటా ఒక కాలంలోనే వచ్చే ఒక రకం డిప్రెషన్. 1984లో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరు, ఆయన తోటి పరిశోధకులు కలిసి దీన్ని వివరించి ఆ పేరు పెట్టారు. ఆయన కూడా మీలాగే వలస వచ్చినవాడు. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లాక, చలికాలం రాగానే తన ఓపిక పడిపోవడం గమనించాడు. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర, ఆకలి తగ్గుతాయి. ఇందులో ఎక్కువగా రెండూ పెరుగుతాయి. అందుకే చూసేవాళ్లకూ, మనకూ ఇది బద్ధకంలా కనిపిస్తుంది.

భూమధ్యరేఖకు దగ్గర్లో పెరిగినవాళ్లకు ఏడాది పొడవునా పగలు పదకొండు గంటలకు తగ్గకపోవడం అలవాటు. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు 21 ప్రాంతంలో పగలు 8 గంటలే. 60 డిగ్రీల దగ్గర 6 గంటలు కూడా నిండదు. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్లకు ఇదంతా జూన్‌లో వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. దయచేసి ఇది ఒక్కటి వినండి. పొద్దున్నే మీ కళ్లకు వెలుతురు తగలాలి. మధ్యాహ్నం చూసుకుందాంలే అంటే కుదరదు. కంటి లోపలి వెనకపొరలో, అంటే రెటీనాలో, చూపుకోసం కాకుండా, ఒంట్లోని గడియారానికి వేళ తెలియజేయడానికి పనిచేసే కణాలు ఉంటాయి. పొద్దున వెలుతురు అందకపోతే చాలామందిలో ఆ గడియారం వెనక్కి జరుగుతుంది. మీరు లేచి క్లాసులో కూర్చున్నా ఒంటికి ఇంకా అర్ధరాత్రే. సెలవు రోజు తెరలు వేసుకుని మధ్యాహ్నం దాకా పడుకుంటే ఇంకా వెనక్కి పోతుంది, సోమవారం నరకంలా ఉంటుంది. ఇది మాత్రం మానండి. సెలవైనా సరే, రోజూ లేచే వేళకే లేవండి.

గదిలో లైట్లన్నీ వేశాం కదా అంటారు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఇంట్లో మామూలు లైట్ల కింద ఉండేది 100 నుంచి 300 లక్స్ వెలుతురు. మబ్బు పట్టిన రోజు కూడా బయట అది చాలాసార్లు వెయ్యి దాటుతుంది. కాబట్టి తెల్లవారగానే బయటికి నడవండి. చలిగా ఉందని సాకులు చెప్పొద్దు, కోటు కొన్నది అందుకే.

తెల్లవారకముందే పనికి వెళ్లేవాళ్లకు లైట్ బాక్స్, అంటే బల్ల మీద పెట్టుకునే గట్టి వెలుతురు దీపం, అవసరం పడుతుంది. 10,000 లక్స్ ఇచ్చేది, అతినీలలోహిత కిరణాలను ఆపేది కొనండి. ఆ 10,000 ఎంత దూరంలో వస్తుందో పెట్టె మీద చూడండి. దూరం జరిగితే వెలుతురు బాగా పడిపోతుంది. లేచిన గంటలోపు అరగంట దాని ముందు కూర్చోండి. దానివైపే చూడక్కర్లేదు, కళ్లు తెరిచి చదువుకుంటే చాలు. సాయంత్రం పెట్టుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. రెండు రోజులు చూసి పనిచెయ్యలేదని మూల పడెయ్యకండి, కొందరికి రెండు వారాలు పడుతుంది. బైపోలార్ (మనసు కొన్నాళ్లు మరీ హుషారుగా, కొన్నాళ్లు మరీ దిగులుగా ఉండే జబ్బు) ఉన్నవాళ్లు, రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, ఒంటికి వెలుతురు పడకుండా చేసే మందులు వాడేవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

విటమిన్ డి మాత్ర వేసుకుంటున్నాను చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. ఆ లోటు ఉంటే మాత్ర వేసుకోవాల్సిందే, కానీ అది వేరే లెక్క. విటమిన్ డి చర్మం మీద పడే ఎండతో తయారవుతుంది, ఒంటి గడియారం కంటికి అందే వెలుతురుతో నడుస్తుంది.

రెండు వారాలు దాటినా మనసు లేవకపోతే, చదువో పనో దెబ్బతింటుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాలేజీల్లో చాలాచోట్ల కౌన్సెలర్లు ఉంటారు. ఈ డిప్రెషన్‌కు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (మాటల ద్వారా ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స) ఉంది, మందులూ ఉన్నాయి. బ్యూప్రోపియాన్ అనే మందును దీన్ని రాకుండా ఆపడానికి అమెరికాలో 2006లో ఆమోదించారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఇవేవీ ఆలోచించకండి. అప్పటికప్పుడే మీరున్న దేశంలోని అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యండి, పక్కగదివాడిని లేపండి. ఇంట్లోవాళ్లు కంగారు పడతారని దాచొద్దు.

డిసెంబరు 21 దాటాక పగలు పెరుగుతుంది కదా, ఇక బాగుపడతాను అనుకుంటారు. సాయంత్రాలు ముందు పెరుగుతాయి. పొద్దు పొడవడం మాత్రం చాలాచోట్ల జనవరి మొదటి రోజుల దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. చాలామందికి జనవరి, ఫిబ్రవరి కష్టంగా ఉండేది అందుకే కావచ్చు. అప్పుడు లైట్ బాక్స్ ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. మార్చి, ఏప్రిల్ కల్లా చాలామంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. నాకూ తగ్గింది. మా కుర్రాడు కూడా ఇప్పుడు తిడుతూనైనా పొద్దున్నే నాతో నడుస్తున్నాడు, నిన్న వాళ్లమ్మతో చాలాసేపు మాట్లాడాడు. ఎండలు వచ్చాక లైట్ బాక్స్ ఎవరికీ ఇచ్చెయ్యకండి. వచ్చే సెప్టెంబరు చివర్లో, దిగులు మొదలవ్వకముందే తీసి బల్ల మీద పెట్టండి.