జ్వరాల రిజిస్టర్‌ని ఏఐకి ఎలా చూపించాలి: ఒక విలేజ్ క్లినిక్ నుంచి

2021 మే నెలలో నేను ఒక కోవిడ్ వార్డులో నర్సుగా ఉన్నాను. ఆక్సిజన్ కోసం వచ్చినవాళ్లని జ్వరం ఎప్పుడు మొదలైందని అడిగితే ఎనిమిది రోజులైందని, పది రోజులైందని చెప్పేవాళ్లు. ఒకే వీధి నుంచి నలుగురైదుగురు వరసగా వచ్చిన రోజులున్నాయి. ఆ వీధిలో మొదటి వారమే ఎవరైనా జ్వరాలు లెక్కపెట్టి ఉంటే, వీళ్లలో కొందరైనా తమ కాళ్ల మీద నడిచి వచ్చేవాళ్లు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు గోదావరి డెల్టాలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే ఊళ్లో మొదటి వైద్యం చూసే ఆరోగ్య ఉద్యోగిగా చేస్తున్నాను. జ్వరాల లెక్క చూడటానికి రెండేళ్లుగా ఫోన్‌లో ఏఐ సాయం తీసుకుంటున్నాను. పక్క క్లినిక్‌ల వాళ్లు, ఏఎన్ఎం అక్కలు ఎలా చేస్తున్నావని అడుగుతున్నారు కాబట్టి మొత్తం రాస్తున్నాను. ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్ ఐహెచ్ఐపీలో ఎస్ ఫారం (లక్షణాల లెక్క) నింపడం మన డ్యూటీ, ఇది దానికి బదులు కాదు. ఆ ఫారంలోకి వెళ్లే అంకె వెనక ఏ వీధిలో ఏం జరుగుతోందో మనకు ముందుగా తెలియడం కోసమే ఇదంతా.

ముందు రిజిస్టర్ సంగతి చూడండి, ఏఐ సంగతి తర్వాత. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఈ గళ్లు పెట్టుకోండి: వరస నంబరు, జ్వరం మొదలైన తేదీ, క్లినిక్‌కి వచ్చిన తేదీ, వయసు, ఆడ/మగ, వీధి, లక్షణాలు, తాగే నీళ్లు ఎక్కడివి. పేరు రాయకండి. ఫోన్ నంబరు, ఆధార్, ఇంటి నంబరు కూడా వద్దు. పేర్లు కాగితం రిజిస్టర్‌లోనే ఉంటాయి, వరస నంబరు చూసి మనం వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు. 2020లో పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్ల జాబితాలు వాట్సాప్‌లో తిరిగితే, మా బంధువుల ఊళ్లో ఒక కుటుంబానికి పాలు పోయడం మానేశారు. ఆ ఇంటి పెద్దావిడ నాతో ఫోన్లో ఏడ్చింది. అందుకే ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. రిజిస్టర్ పేజీని ఫోటో తీసి ఏఐకి పంపడం సులువే కానీ, అందులో పేర్లుంటాయి. దయచేసి ఆ పని చేయకండి.

రెండు తేదీలు ఎందుకంటే, నేను మొదట్లో ఒకటే రాసేదాన్ని, క్లినిక్‌కి వచ్చిన తేదీ. ఆ షీట్ ఇచ్చి ఎక్కడైనా జ్వరాలు పెరిగాయా అని అడిగితే, ప్రతి సోమవారం పెరిగాయని ఏఐ చెప్పింది. ఆదివారం క్లినిక్ ఉండదు, సోమవారం రెండు రోజుల వాళ్లూ కలిసి వస్తారు. అలాగే 104 బండి వచ్చిన రోజున ఊరంతా జ్వరాలే అన్నట్టు చూపించింది. డాక్టరు గారు వస్తారని జనం ఆ రోజు దాకా ఆగుతారని దానికెలా తెలుస్తుంది? మొదలైన తేదీతో లెక్క కట్టించాక ఆ సోమవారం గుట్టలన్నీ పోయాయి. డెంగ్యూకి ఈ తేదీ మరీ ముఖ్యం. దానికి చేసే రక్తపరీక్షల్లో ఎన్ఎస్1 మొదటి ఐదు రోజుల్లో బాగా పట్టుకుంటుంది, ఐజీఎం పరీక్షలో ఆ తర్వాత తేలుతుంది.

పెద్దపెద్ద శాస్త్రవేత్తలకూ ఇలాంటి దెబ్బే తగిలింది. ఎక్స్‌రే, సీటీ స్కాన్ చూసి కోవిడ్ కనిపెట్టే ఏఐల మీద వచ్చిన 62 పరిశోధనలను కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో పరిశీలిస్తే, ఆస్పత్రిలో వాడటానికి ఒక్కటీ పనికిరాదని తేలింది. కొన్నింటిలో కోవిడ్ ఎక్స్‌రేలు పెద్దవాళ్లవి, పోల్చడానికి తీసుకున్న న్యుమోనియా ఎక్స్‌రేలు ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లలవి. అలా నేర్పితే యంత్రం జబ్బును కాకుండా వయసును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మనం ఏ తేదీ రాస్తున్నాం, ఎవరిని రాస్తున్నాం అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఇక ఏఐని అడిగే తీరు. ఏ చాట్ ప్రోగ్రామ్ అయినా పర్వాలేదు, తెలుగులోనే అడగండి. నేను ప్రతి శనివారం సాయంత్రం ఇచ్చే మాట ఇది:

"ఈ పట్టిక ఒక ఊరి జ్వరాల లెక్క. జ్వరం మొదలైన తేదీ ప్రకారం వారానికి, వీధికి ఎన్ని జ్వరాలో లెక్కపెట్టే షీట్స్ ఫార్ములా రాసివ్వు. గత నాలుగు వారాల సగటుకు రెట్టింపు దాటి, కనీసం మూడు జ్వరాలున్న వీధి గడి ఎర్రగా కనపడాలి. ఖాళీ గడిని నీ ఊహతో నింపకు. జబ్బు పేరు చెప్పకు."

ఫార్ములా అడగమనడానికి కారణం ఉంది. లెక్క నేరుగా చెప్పమంటే ఒక్కోసారి తప్పు కూడుతుంది, పైగా తడబాటు లేకుండా చెబుతుంది. ఫార్ములా అయితే లెక్క షీట్ చేస్తుంది. ఒక వీధిని చేత్తో లెక్కపెట్టి సరిచూసుకుంటే చాలు. సగటుకు రెట్టింపు, కనీసం మూడు అన్నది మా ఊరికి కుదిరిన కొలత. మీ జనాభాని బట్టి మీ మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి పెట్టుకోండి. జ్వరం లేని వీధికి సున్నా అని రాయండి, ఖాళీ వదలకండి.

లక్షణాల గడితో ఇంకో చిక్కు ఉంది, మన మాటలు. "అమ్మవారు పోసింది" అంటే ఆటలమ్మ అని మనకు తెలుసు. "విషజ్వరం" అంటే విషం తాగిన జ్వరం కాదు, ఏ జ్వరమో తేలని దానికి పేపర్లు పెట్టిన పేరు. "చలిజ్వరం" అన్నారంటే వణుకు వచ్చిందని అర్థం, అది మలేరియా అని కాదు. "ఊరంతా మంచం పట్టింది" అని వార్త రాస్తే ఇంటింటా జబ్బు ఉందని. నేను ఇలాంటివి ఇరవై రెండు మాటలు, వాటి అర్థాలు ఒక చిన్న జాబితాగా రాసి షీట్‌తో పాటు ఇస్తాను. రాసింది నేనే అయినా మాటలు చెప్పింది మా ఆశా అక్క, పేటలో ఏ మాట ఏ బాధకి వాడతారో ఆమెకి తెలిసినంత నాకు తెలియదు. కేంద్ర వ్యాధి నిఘా విభాగం 2022 నుంచి 13 భాషల వార్తలను ఏఐతో చదివించి ఎక్కడ జబ్బులు పెరుగుతున్నాయో వెతుకుతోంది. అంత పెద్ద పనికైనా, మన చిన్న షీట్‌కైనా ఈ మాటలు తెలియడం అవసరమే.

మన దగ్గరికి రానివాళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. మా చివరి పేటలో జ్వరాలు ఎప్పుడూ తక్కువే కనిపించేవి. వెళ్లి చూస్తే అక్కడ అందరూ ఆర్‌ఎంపీ దగ్గరికే వెళ్తున్నారు. ఇప్పుడు వారానికోసారి ఆయన్ని పలకరించి ఎంతమంది వచ్చారో అంకె మాత్రం అడుగుతాను, దాన్ని వేరే గడిలో రాస్తాను. మందుల షాపులో పారాసెటమాల్ ఎంత పోయిందో కూడా అడగొచ్చు కానీ, దాన్ని ఒంటరిగా నమ్మకండి. టీవీలో డెంగ్యూ వార్త వస్తే జ్వరం లేనివాళ్లు కూడా కొని పెట్టుకుంటారు. జనం వెతికే మాటల్ని బట్టి ఫ్లూని అంచనా వేద్దామని గూగుల్ 2008లో మొదలుపెట్టింది. 2012-13 సీజన్‌లో ఆ అంచనా అసలు లెక్క కంటే చాలా ఎక్కువ చూపించింది, 2015లో ఆపేశారు. ఎవరూ ఆస్పత్రికి రాకపోయినా లెక్క తెలిసే దారి మన హైదరాబాద్‌లోనే చూపించారు. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. పల్లెలో మనకు ఆ ల్యాబ్ లేదు. ఆశా అక్కల కాళ్లు ఉన్నాయి.

జబ్బు పేరు చెప్పవద్దని ఎందుకు రాస్తానో చెబుతాను. పోయిన సెప్టెంబరులో కాలవగట్టు వీధి ఎర్రగా మారింది, ఒకే వారంలో ఎనిమిది జ్వరాలు. టెన్షన్‌లో ఇది ఏమై ఉంటుందని ఏఐని అడిగాను. వానాకాలం, ఒళ్లు నొప్పులు కాబట్టి డెంగ్యూ కావచ్చు అంది. మేము తొట్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లు అన్నీ ఒంపించడం మొదలుపెట్టాం. రెండు రోజులు అలా పోయాయి. తర్వాత షీట్‌లో నీళ్ల గడి చూస్తే, ఎనిమిది మందీ ఒకే కొళాయి లైను. ఎదురు వరసలో క్యాన్ నీళ్లు తాగేవాళ్లకి ఒక్కరికీ జ్వరం లేదు. వెళ్లి చూస్తే ఆ పైపు డ్రైనేజీలో నుంచి పోతోంది, అతుకు దగ్గర కారుతోంది. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూపించే క్లోరోస్కోప్‌లో రంగే రాలేదు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాల్సిన క్లోరిన్ అసలు లేదు. పీహెచ్‌సీలో రక్తపరీక్షలు చేస్తే టైఫాయిడ్ అని తేలింది. ఆ రెండు రోజుల్లో ఇంకా ముగ్గురు పిల్లలు పడిపోయారు. అందరూ కోలుకున్నారు కానీ ఆ ముగ్గురి సంగతి నా మనసులో ఉండిపోయింది.

ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మూడోది ఆరోగ్యం, ఆరోది శుభ్రమైన నీరు. మా షీట్‌లో అవి పక్కపక్క గళ్లు. మహమ్మారి వచ్చాక ఇలాంటి షీట్ తయారు చేయడం కుదరదు. మామూలు రోజుల జ్వరాలు ఎన్నో ముందే తెలిసి ఉంటేనే, వింత జ్వరం వచ్చిన వారం తేడా కనపడుతుంది. అందుకే కనీసం గత మూడు నెలల రిజిస్టర్ ఎక్కించి మొదలుపెట్టండి. ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారం పడుతుంది.

గడి ఎర్రబడితే ఫోన్ పక్కన పెట్టి అదే రోజు ఆ వీధికి వెళ్లండి. జ్వరం ఉన్న ఇళ్లతో పాటు లేని ఇళ్లలోనూ అడగండి, తేడా అక్కడే దొరుకుతుంది. నీళ్లు పరీక్షించండి, తొట్లలో లార్వా చూడండి, ఊపిరి ఆయాసం ఉన్నవాళ్లకి ఆక్సిమీటర్ పెట్టండి. తిరిగి రాగానే మెడికల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, ఆ వెంటనే మెసేజ్ కూడా పెట్టండి. నేను ఆ సెప్టెంబరులో పంపింది ఇలా ఉంది: "సార్, కాలవగట్టు వీధి. జ్వరాలు 8, మొదలైంది 9 నుంచి 14వ తేదీ మధ్య. వయసు 6 నుంచి 41. కడుపు నొప్పి ఐదుగురికి. అందరిదీ ఒకే కొళాయి లైను. క్లోరిన్ లేదు. శాంపిల్స్‌కి రేపు ఉదయం ల్యాబ్ టెక్నీషియన్ కావాలి."