కుండీలో నిమ్మచెట్టుకు పూత రప్పించడం ఎలా?

"చెట్టు ఏపుగా ఉందండీ, పూతే లేదు." మిద్దె తోటలు పెంచేవాళ్ళ దగ్గర నిమ్మ గురించి నేను వినేది ఎక్కువగా ఇదే. వెళ్ళి చూస్తే కుండీ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు, వారానికోసారి అరటి తొక్కల నీళ్ళు, మధ్యలో బియ్యం కడుగు. అంత గారాబం చేస్తే ఆకులేస్తుంది గానీ పూతెందుకు వేస్తుంది?

మొక్క, కుండీ సంగతి త్వరగా చెప్పేస్తాను. అంటు మొక్కే కొనండి. గింజ మొక్కయితే కాపుకు నాలుగైదేళ్ళు చూడాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 'బాలాజీ' రకం దొరికితే వదలకండి, గజ్జి తెగులును కొంత తట్టుకుంటుంది. కుండీ 20 అంగుళాలకు తగ్గొద్దు. 200 లీటర్ల నీలం డ్రమ్మును సగానికి కోయిస్తే అంతకంటే మంచి కుండీ లేదు. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టి, ఇటుకల మీద నిలబెట్టండి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి.

మట్టి: సగం ఎర్రమట్టి, పావు వంతు బాగా చివికిన పశువుల ఎరువు, పావు వంతు ఇసుక, రెండు గుప్పెళ్ళ వేపపిండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వెయ్యకండి. మిద్దెకు బరువు తగ్గుతుందని అందరూ దాన్నే నింపుతున్నారు. ఎందుకు వద్దంటున్నానో కింద తెలుస్తుంది.

నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తున ఉండాలి. దాని కింద నుంచి వచ్చే చిగుళ్ళు మీ నిమ్మవి కావు, అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కవి. కనబడగానే గిల్లేయండి. ఒకావిడ ఆ కొమ్మనే రెండేళ్ళు ముద్దుగా పెంచి, పైనున్న అసలు మొక్కను చేజేతులా చంపుకున్నారు.

ఇక అసలు పని, బెట్ట పెట్టడం. అంటే చెట్టుకు కావాలని కొన్నాళ్ళు నీళ్ళు ఆపడం. ఇదేదో కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. గూడూరు వైపు నిమ్మ రైతులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఇటలీలో సిసిలీ దీవి రైతులు కూడా నడి వేసవిలో తోటలను వాడబెట్టి, తర్వాత నీరిచ్చి, అకాలపు పూత తెప్పిస్తారు. నీరు అందక పెరుగుదల ఆగినప్పుడు నిమ్మ కొమ్మల్లో పూమొగ్గలకు సన్నాహం జరుగుతుంది. మళ్ళీ తడి తగలగానే కొత్త చిగురుతో కలిసి అవి బయటికొస్తాయి. మన మిద్దెల మీద దీనికి డిసెంబరు రెండో వారం సరైన సమయం. వానలుండవు, ఎండ మెత్తగా ఉంటుంది, చలి కూడా కాస్త సాయం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ పని తలపెట్టకండి. హైదరాబాదు ఎండకు సిమెంటు మిద్దె మీద చెట్టు ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది.

రెండేళ్ళు నిండని మొక్కకు, ఈ మధ్యే కుండీ మార్చిన మొక్కకు, ఆకులు పసుపెక్కినదానికి, కాయలతో ఉన్నదానికి బెట్ట పెట్టకూడదు. లేత చిగురుంటే అది ముదిరి ముదురాకుపచ్చగా మారేదాకా ఆగండి.

నీళ్ళు పూర్తిగా ఆపేశాక రోజుల లెక్క పెట్టుకోవద్దు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తోటలో వేర్లు లోతుకు వెళ్తాయి కాబట్టి రైతు వారాల తరబడి ఆపగలడు. కుండీలో ఉన్నదే గుప్పెడు మట్టి, నాలుగు నుంచి పది రోజుల్లో ఎండిపోతుంది. రైతులకు చెప్పిన లెక్క కుండీకి పెట్టి, ఆకులన్నీ రాల్చుకుని నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. కాబట్టి ఆకును చూడండి. మొదట మధ్యాహ్నం ఆకులు దోనెలా ముడుచుకుని వేలాడతాయి, తెల్లారేసరికి మళ్ళీ నిటారుగా ఉంటాయి. కంగారు పడకండి, మనకు కావలసింది ఇదే. తెల్లారి కూడా ఆకులు లేవకపోతే మాత్రం ఒక చెంబు నీళ్ళు పోయండి. చెంబు అంటే చెంబే, బకెట్ కాదు. మళ్ళీ వాడే వరకు ఆగండి. ఇలా వాడుతూ తేరుకుంటూ మూడు వారాలు నడపాలి. పది, పదిహేను ఆకులు రాలితే ఫరవాలేదు. కొమ్మ చివర్లు ఎండుతున్నాయంటే హద్దు దాటేశారు, వెంటనే ఆపేయండి.

ఈ మూడు వారాలూ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. రెండేళ్ళ కిందట మా అత్తగారు "పాపం ఎండిపోతోంది" అని నాకు తెలియకుండా రోజూ చెంబుడు పోసేవారు. ఆ ఏడు ఆకులే ఆకులు.

తిరిగి నీళ్ళిచ్చేటప్పుడు ఇంకో గండం ఉంది. ఎండిన మట్టి కుండీ అంచు విడిచి కుంచించుకుపోతుంది. కోకోపీట్ అయితే మరీను. బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే అంచు వెంబడి జారి కింద రంధ్రంలోంచి వచ్చేస్తాయి, మీరేమో తడిసిందనుకుంటారు, వేళ్ళ దగ్గర మాత్రం పొడిగానే ఉంటుంది. అందుకే ముందు పైమట్టిని వేళ్ళతో కదిపి అంచు సందులు పూడ్చండి. మొదటి రోజు అరబకెట్ నీళ్ళను మూడు విడతలుగా, అరగంటకోసారి నెమ్మదిగా పోయండి. మర్నాడు కింది నుంచి కారేదాకా తడపండి. మూడో రోజు రెండు దోసిళ్ళ వర్మీ కంపోస్టు, గుప్పెడు వేపపిండి పైమట్టిలో కలపండి. తడి లేకుండా ఎరువు వేస్తే వేర్లు దెబ్బతింటాయి.

రెండు నుంచి నాలుగు వారాల్లో మొగ్గలు కనిపిస్తాయి. అక్కడి నుంచి నీళ్ళ విషయంలో లోటు చేయకూడదు. బెట్టతో పూత వచ్చింది కదా అని మళ్ళీ ఎండబెడితే పిందె మొత్తం రాలిపోతుంది. బాగా చూసుకున్నా బఠాణీ గింజంత పిందెలు చాలానే రాలతాయి, అది మామూలే. చిగుళ్ళ మీద పక్షి రెట్టలా కనిపించేది రెట్ట కాదు, నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఏరి పారేయండి, దానికి మందులక్కర్లేదు.

పూత నుంచి కాయ కోతకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. రంగు పసుపులోకి తిరగగానే తొడిమతో సహా కత్తెరతో కోయండి. పట్టి లాగితే తొడిమ దగ్గర తోలు చీలుతుంది, అలాంటి కాయ ఊరగాయలో పడితే జాడీ మొత్తం బూజు పట్టొచ్చు.