భూమి గడియారం సరిచేద్దాం – 4వ భాగం: అంచనా ఒకటి, కొలత ఒకటి

పోయిన భాగంలో వెయిట్ అంటే ఏందో చూసినాం కదా, ± విలువని (తప్పు ఎంత ఉండొచ్చో చెప్పేది) స్క్వేర్ చేసి, 1ని దాంతో భాగిస్తే వచ్చేదని. ఈసారి దాంతో భూమి ఎంత తిరిగిందో రోజురోజుకీ అంచనానీ కొలతనీ కలిపి లెక్కగడదాం.

అనంతపురంలో మా జేజినాయన గోడగడియారం రోజుకి 2 నిమిషాలు ముందుకి పోయేది. రేడియో వార్తలప్పుడు ముల్లు సరిచేసేటోడు, వార్తలు వినని రోజుల్లో మాత్రం ఎన్ని రోజులైందో వేళ్ళమీద లెక్కపెట్టి అంత తీసేసి టైం చెప్పేటోడు. మన పనీ అదే. క్వేజార్లని, అంటే ఆకాశంలో చాలా దూరాన కదలనట్టే ఉండే రేడియో చుక్కల్ని, దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులతో ఒకేసారి చూసే వీఎల్‌బీఐ పద్ధతి ఆ వార్తల్లాంటిది, భూమి ఎంత తిరిగిందో, అంటే యూటీ1 (భూమి తిరుగుడుని బట్టి లెక్కేసే టైం), నేరుగా చెప్తుంది కానీ అన్ని వేళలా దొరకదు. జీపీఎస్ రోజూ ఉంటుంది, కానీ శాటిలైట్ల కక్ష్యలన్నీ కలిసి కొంచెం పక్కకి తిరిగినా భూమే తిరిగినా దానికి ఒకేలాగ కనిపిస్తుంది కాబట్టి రోజు ఎంత పొడుగైందో మాత్రం దాన్ని అడగాలి. అవే కూడుకుంటా పోతే తప్పూ పేరుకుంటుంది, యూటీ1లో 1 మిల్లీసెకను తప్పంటే అనంతపురం దగ్గర నేల 45 సెంటీమీటర్లు జరిగినట్టు.

ఇప్పుడు లెక్క, అంకెలు ప్రాక్టీసుకి నేను పెట్టినవి, అన్నీ మైక్రోసెకన్లు. నిన్నటి విలువకి జీపీఎస్ మార్పు కలిపితే ఈరోజు అంచనా 40. నిన్నటిది ±12, స్క్వేర్ 144. గాలులు భూమి వేగాన్ని ఊరికే ఉండనీవు, దానికీ జీపీఎస్ తప్పుకీ ఇంకో 256 వేసుకుంటే 400, అంటే ±20. ఇంతలో వీఎల్‌బీఐ 52 అంది, ±10, స్క్వేర్ 100.

తేడాలో ఎంత వంతు కొలత వైపు జరగాలో చెప్పేది కే (1/400, 1/100 వెయిట్లు రెండూ కలిపితే అందులో కొలత వంతు కూడా ఇదే):

కే = 400/(400+100) = 0.8

తేడా 12, దాంట్లో 0.8 వంతు 9.6, కొత్త విలువ 49.6. మిగిలిన స్క్వేర్ 0.2 × 400 = 80, దాదాపు ±9. రెండిటికన్నా తగ్గింది చూసినారా! రేడియోని నూటికి నూరు నమ్మిన జేజినాయనకి కే ఎప్పుడూ 1. ఇలా అంచనానీ కొలతనీ కలిపే పద్ధతిగా కాల్మన్ అనే ఇంజనీరు 1960లో రాసిన ఫిల్టర్ గుండెకాయ ఈ కే నే.

ఒక గుంత ఉంది, నేను పడినాను. ఒకే వీఎల్‌బీఐ సెషన్‌ని ఇద్దరు వేర్వేరుగా లెక్కగట్టిన రెండు ఫైళ్ళనీ రెండు కొలతలని వేసేసినా, ± బ్రహ్మాండంగా తగ్గిపోయింది, సంబరపడినా, అంతా ఉత్తదే. ఒకడు చెప్పిన కబురే ఇద్దరి నోట వింటే ఇద్దరు సాక్షులైతారా?

హోంవర్క్: రెండు రోజులు వీఎల్‌బీఐ రాలేదు, 80 దగ్గర మొదలుపెట్టి రోజుకి 256 కలపండి. మూడో రోజు 256 కలపకముందు ± ఎంత? 25 దాటితే రెండు సార్లకి బదులు మూడు సార్లు కలిపినట్టే.