డల్లాస్ వస్తున్న తమ్ముడికి: ముందు ఆ ట్యాగు కత్తిరించు

సిమ్, బ్యాంకు ఖాతా, గది అద్దె సంగతులు మీ సీనియర్లు చెప్పే ఉంటారు, నేను వదిలేస్తున్నా. పోయిన శనివారం విజయవాడ నుంచి కొత్తగా దిగిన కుర్రాడొకడు మా గదికొచ్చాడు. ఒంటిమీద కొత్త జాకెట్. చెయ్యెత్తితే చంకలోంచి ధర ట్యాగు వేలాడుతోంది. "ఉండనీ అన్నా, చలి తగ్గాక వాపసు ఇచ్చేద్దాం" అన్నాడు. మొహంమీద చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

నేను చెయ్యని పనేం కాదది. మాది గుంటూరు. బ్రాడీపేటలో నాన్నకి చిన్న బట్టల కొట్టు. విజయవాడలో టోకు బట్టల బజారు వస్త్రలత నుంచి మూటలు తెచ్చి అమ్మేవాడు. గల్లాపెట్టె వెనక గోడమీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు. ఒకావిడ పెళ్లికి కట్టిన చీర తిరిగి తెస్తే, అంచుమీద పసుపు మరక చూపించి "దీన్నింకెవరికి అంటగట్టమంటారమ్మా?" అన్నాడు. ఆ కొట్టులో పెరిగినవాణ్ణి, ఇక్కడికొచ్చిన మొదటి డిసెంబరులో 120 డాలర్ల జాకెట్ కొని, ట్యాగు లోపలికి మడిచి నెలంతా తిరిగాను. వాపసు ఇవ్వబోతే కౌంటర్‌లో పెద్దావిడ "ఏమైనా లోపమా?" అంది. సైజు సరిపోలేదన్నాను. ఆవిడ జేబులు తడిమి, క్యాంటీన్ బిల్లూ, సగం కొరికిన చాక్లెట్టూ తీసి నా ముందు పెట్టింది. ఏమీ అనలేదు. డబ్బు మొత్తం కార్డులో వేసింది. తిట్టినా బాగుండేది.

వాపసు వచ్చిన సరుకంతా మళ్లీ అరల్లోకి ఎక్కదు తమ్ముడూ. కొంత కారుచౌకగా లాట్ల లెక్కన పోతుంది, కొంత చెత్తకుప్పకి పోతుంది. కొన్ని దుకాణాలైతే ఐడీ స్కాన్ చేసి, ఎన్నిసార్లు తెచ్చావో లెక్క కూడా పెట్టుకుంటాయి. అంతకంటే నాకు భయం ఏంటంటే, ఇచ్చేయొచ్చులే అనుకుంటే కొనే చెయ్యి ఆగదు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, మర్నాడు బ్లాక్ ఫ్రైడే. తగ్గింపని టీవీ మోసుకొస్తావు, వాపసు గడువు దాటాక గుర్తొస్తుంది. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమమ్, అంటే కనీసం కట్టాల్సిన కాస్త, కట్టి ఊరుకుంటే మిగతాదానిమీద ఏడాదికి 20 శాతం పైనే వడ్డీ. మన ఊళ్లో నూటికి రెండ్రూపాయల వడ్డీ అంటామే, దాదాపు అదే. ఊళ్లో అప్పు తెచ్చేముందు పదిమందిని అడుగుతాం, ఇక్కడ కార్డు గీకేముందు ఎవర్నీ అడగం.

ఇంకో తమాషా. వాడేసి తిరిగివ్వడానికి రాని నామోషీ, ఒకరు వాడింది కొనడానికి వస్తుంది మనకి. మా ప్రొఫెసర్ గరాజ్ సేల్‌లో, అంటే ఎవరో ఇంటిముందు పెట్టి అమ్మే పాత సామాన్లలో, ఓ కుర్చీ కొని, కారెక్కించుకుని మురిసిపోతాడు. మనవాడు పాత సామాన్లమ్మే గుడ్‌విల్ కొట్టు గుమ్మం తొక్కడు, అమ్మకి తెలిస్తే బాధపడుతుందట! తొక్కు. బల్ల, గిన్నెలు అక్కడే కొను. రోడ్డుపక్కన పడేసిన పరుపు మాత్రం తేకు, నల్లులుంటాయి. ధర చూసేటప్పుడే పైన 8.25 శాతం పన్ను కలుపుకో, అది బిల్లులోనే కనబడేది.

సరే, మరీ బెదిరిపోకు. రైస్ కుక్కర్ పనిచెయ్యలేదా, బూటు కరిచిందా, నిక్షేపంగా తీసుకెళ్లి ఇచ్చెయ్. ఆ కౌంటర్ ఉన్నది అందుకే. నేసిన లోపం కనబడితే నాన్న కూడా బోర్డు మాట పక్కనపెట్టి చీర మార్చి ఇచ్చేవాడు. మొదటి ఆర్నెల్లు అందరికీ ఇలాగే ఉంటుంది, తర్వాత కుదురుకుంటుంది.

శనివారం వచ్చిన కుర్రాడు ఇది చదివితే: అది ఇప్పుడే ఇచ్చేసిరా. నా పాత జాకెట్ ఒకటుంది, జిప్పు సగంలో పట్టేస్తుంది. వచ్చి తీసుకెళ్లు.