జూనిపర్ గోధుమరంగుకు తిరుగుతోందా? మందు కొట్టే ముందు ఎండ లెక్క చూడండి

తిరుపతిలో జూనిపర్ (బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టిగా ఉండేలా పెంచే సతతహరిత చెట్టు) పాడవుతోందని ఫొటో పంపేవాళ్ళు మొదట అడిగేది "ఏ మందు కొట్టాలి?" అని. రోజుకు ఎన్ని గంటలు నేరుగా ఎండ తగులుతోందని నేను అడిగితే "వెలుతురు బాగానే ఉందండీ" అంటారు. మన కంటికి వెలుతురుగా ఉంటే జూనిపర్‌కు సరిపోయినట్టు కాదు. మంచి ఎండలో, మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది. అదే వేళకు హాల్లో, కిటికీకి బాగా ఇవతల, కొన్ని వందలు ఉంటే గొప్ప. కన్ను సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా తెలియదు. ఆకు అలా సర్దుకోలేదు.

కాబట్టి మందు మాట తర్వాత. ఒక సెలవు రోజున ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా గంటకోసారి కుండీ దగ్గరికి వెళ్ళి, ఆకుల మీదుగా చెయ్యి చాపండి. అయిదు వేళ్ళూ విడివిడిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా నీడ పడితే ఆ గంట లెక్కలోకి వస్తుంది, మసక నీడ అయితే రాదు. మొత్తం ఆరు గంటలు తేలాలి. అలిపిరి వైపు కొండ కింద ఇళ్ళున్నవాళ్ళు సాయంత్రపు ఎండను నమ్ముకోకండి, అది కొండ చాటుకు ముందే వెళ్ళిపోతుంది. ఒక్క రూపాయి ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండానే మూడు రకాల మందులు కొట్టి వస్తారు.

ఇంట్లో పెట్టిన మొక్క ఒకటి రెండు నెలల్లో వెలిసిపోయింది

కారణం ఇంట్లో పెట్టడమే, ఇందులో వెతకడానికి ఇంకేమీ లేదు. చిన్న కుండీలో బోన్సాయ్ కనిపించగానే టీవీ పక్కన పెట్టే వస్తువనుకుంటారు. జూనిపర్ ఆరుబయట ఎండలో పెరిగే చెట్టు, కుండీ చిన్నదైనంత మాత్రాన దాని అవసరం మారదు. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు వస్తున్నారని రెండు మూడు రోజులు హాల్లో పెట్టుకోండి, ఏమీ కాదు. వాళ్ళు బయలుదేరిన రోజే దాన్నీ బయటికి పంపండి. ఎల్ఈడీ గ్రో లైటు (మొక్కలు పెంచడానికి వాడే దీపం) కింద కొంతకాలం నడిపించవచ్చు గానీ, మంచి శక్తి ఉన్న లైటు ఆకులకు అడుగు దూరంలో రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు వెలగాలి. పైన మేడ ఖాళీగా ఉండగా ఆ కరెంటు ఖర్చు ఎందుకో నాకు అర్థం కాదు.

బాల్కనీలో చలికాలమంతా బాగుంది, వేసవి దాటేసరికి గోధుమరంగు వచ్చింది

దీన్ని చూడగానే అందరూ ఎండదెబ్బ అనేస్తారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత ఉండనే ఉంది, ఇక అనుమానం ఎందుకు వస్తుంది? నా దగ్గరికి వచ్చిన ఇలాంటి కుండీల్లో ఎక్కువ వాటికి జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. మండు వేసవిలో వాటికి ఎండ అందలేదు.

ఫోనులో దిక్సూచి తెరిచి బాల్కనీ ఎటు చూస్తోందో చూడండి. దక్షిణమైతే అసలు దొంగ దొరికినట్టే. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మధ్య దాకా రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, మధ్యాహ్నం కూడా ఉత్తరానికే వాలి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. ఆ కాలమంతా దక్షిణపు గోడకు నేరుగా ఎండ ఒక్క నిమిషం కూడా తగలదు. బయట చూస్తే కళ్ళు తెరవలేనంత ఎండ, కుండీ మాత్రం నీడలో. వేడి తగ్గదు కాబట్టి ఎండ పోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

పైన స్లాబు ఉంటే నష్టం ఇంకా ముందే మొదలవుతుంది. పదడుగుల ఎత్తున ఉన్న స్లాబు కింద, డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నపు ఎండ నేల మీద ఏడున్నర అడుగుల లోపలికి వస్తుంది. మార్చి 21 నాటికి అదే ఎండ రెండున్నర అడుగుల దగ్గరే ఆగిపోతుంది. సంక్రాంతికి కొని "ఇక్కడ ఎండ బ్రహ్మాండం" అనుకుని పెట్టిన చోటు, ఉగాది నాటికే సగం నీడ. దక్షిణపు కిటికీ మంచిదని ఇంటర్నెట్‌లో చదివానంటారు. ఆ మాట 40, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాలవాళ్ళది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాదంతా దక్షిణానే ఉంటాడు, మనకు ఉండడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. జూనిపర్ వేరు చచ్చిన తర్వాత కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. మే నెలలో ఎండ అందని మొక్క నీళ్ళు తక్కువ తాగుతుంది. మనమేమో వేసవి కదా అని పూటకోసారి పోస్తాం. కొబ్బరి పొట్టు ఎక్కువున్న మట్టి తడిగానే ఉండిపోతుంది, వేరు కుళ్ళుతుంది. ఆకు రంగు మారేది జులైలో. అప్పుడు ఎండదెబ్బ అనుకుని ఇంకాస్త నీడకు జరిపి, ఇంకో చెంబు నీళ్ళు పోస్తారు. ఉన్న ప్రాణం కూడా అక్కడితో సరి.

ముందు బతికుందో లేదో చూడండి. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరితే లోపల తడిగా, లేత ఆకుపచ్చగా ఉండాలి. చివర్లు వంచితే వంగాలి. పచ్చదనం పూర్తిగా పోకపోయినా, రంగు బూడిదబారి, నలిపితే పొడిపొడిగా రాలితే ఆ కొమ్మ పోయినట్టే. మొదలు దగ్గర నాలుగు చోట్ల గీరినా లోపల పొడిగా ఉంటే కుండీ ఖాళీ చేయండి.

ప్రాణం ఉంటే చోటు మార్చండి. ఉగాది నుంచి వినాయక చవితి దాకా మేడ మీద గానీ, ఇంటి ఈశాన్య మూల గానీ. వాస్తు పేరిట మనవాళ్ళు తూర్పు, ఉత్తరం ఖాళీ ఎక్కువ వదులుతారు, ఆ ఆచారం జూనిపర్‌కు ఈ నెలల్లో బాగా పనికొస్తుంది. చవితి తర్వాత దక్షిణపు బాల్కనీకి తెచ్చుకోవచ్చు. నీళ్ళకు మాత్రం ఋతువును బట్టి లెక్క వేయకండి. వెలిగించిన అగరుబత్తి పుల్ల మిగిలి ఉంటుంది కదా, దాన్ని మట్టిలో రెండంగుళాలు దింపి పది నిమిషాల తర్వాత తీయండి. తడి మట్టి అంటుకుని వస్తే ఆ పూట నీళ్ళు వద్దు. అదే వారంలో ఎరువు వేయడం, కుండీ మార్చడం లాంటివి పెట్టుకోకండి. దక్షిణపు బాల్కనీ తప్ప దిక్కులేని అపార్టుమెంటు అయితే మేడ మీద చోటు అడగండి. ఇవ్వకపోతే జూనిపర్ ఆశ వదులుకుని స్నేక్ ప్లాంట్ పెంచుకోండి.

మేడ మీదికి మార్చిన వారానికే ఒకవైపు పాలిపోయింది

ఇది నిజంగా ఎండదెబ్బే. నర్సరీలో షేడ్ నెట్ కింద ఉన్నదాన్ని, లేదా నెలల తరబడి నీడలో ఉన్నదాన్ని, ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే సూర్యుడి వైపున్న ఆకు గడ్డిరంగుకు తిరుగుతుంది. మొదటి వారం ఉదయపు ఎండ పది గంటల దాకా, రెండో వారం పన్నెండు దాకా, ఆ తర్వాత రోజంతా. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పలచటి షేడ్ నెట్ ఉంటే చాలు. నల్ల ప్లాస్టిక్ కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకండి, వేరు ఉడికిపోతుంది. రెండు ఇటుకల మీదికి ఎత్తండి. పాలిపోయిన ఆకు మళ్ళీ పచ్చబడదు, కొత్త చివర్లు వస్తే చాలు.

లోపలి ఆకు మాత్రమే ఎండుతోంది

పైన గుబురుగా ఉండి లోపలికి వెలుగు దూరకపోతే ఇలా అవుతుంది. ఎండిన ఆకును చేత్తో దులిపేసి, పైన కొన్ని రెమ్మలు తీసి సందు ఇవ్వండి. ఆకంతా పోయిన మోడు కొమ్మ నుంచి జూనిపర్ మళ్ళీ చిగురు వేయదు, అందుకని పచ్చ రెమ్మ ఉన్నచోటు దాటి కత్తిరించకండి.

ఎండ ఆరు గంటలు తేలి, మట్టి కూడా ఆరుతూ ఉండి, అయినా ఆకు మాసిపోతుంటే అప్పుడు తెల్లకాగితం పట్టుకుని దానిమీద కొమ్మ తట్టండి. పడిన చుక్కలు కదిలితే ఎర్రనల్లి. రెండు మూడు రోజులకోసారి ఆకుల అడుగుభాగాలు కూడా తడిసేలా గట్టిగా నీళ్ళు చిమ్మితే చాలావరకు పోతుంది. బోరు నీటి ఉప్పు వల్ల చివర్లు మాడితే వాన నీళ్ళతో కుండీ కిందికి కారిపోయేంత పోయండి. బూజు తెగుళ్ళు ఉన్నాయి గానీ, మన దగ్గర కుండీల్లో నాకు ఎదురైంది చాలా తక్కువ.